మాస్టారి మందుల పెట్టెలో రంగురాళ్లు

నర్సీపట్నం : సాయంత్రం నాలుగు దాటితే చాలు, పట్టణంలోని ఓ పాత పెంకుటింటి అరుగు మీదికి హోమియో మందుల పెట్టె ఒకటి వస్తుంది. వీధిలోని పిల్లలు నలుగురైదుగురు అప్పటికే చేరి ఉంటారు. పెట్టె మూత తీస్తే లోపల వరసగా అరవై గాజు గొట్టాలు. ఒకప్పుడు వాటినిండా తియ్యటి మందు గుళికలుండేవి. ఇప్పుడు ఒక్కో గొట్టంలో దూది మీద ఒక్కో రంగురాయి కూర్చుని ఉంది. ఎరుపు, ఊదా, పసుపు, లేతాకుపచ్చ, కల్లు రంగు, తేనె రంగు... అన్నీ సాన పట్టి పలకలు తీర్చినవే.

ఆ పెట్టె మాస్టారి తండ్రిగారిది. ఆయన ఊళ్లో ఉచితంగా హోమియో మందులిచ్చేవారు. తండ్రి పోయాక పెట్టె కొడుకు చేతికి వచ్చింది. కొడుక్కి వైద్యం రాలేదు గానీ రాళ్ల పిచ్చి పట్టుకుంది. నలభై ఏళ్లకు పైగా కూడబెట్టిన రాళ్లు ఇప్పటికి 143 అయ్యాయి. గొట్టాల్లో పట్టనివి కింది అరలో కాగితం పొట్లాల్లో ఉన్నాయి. వాటిలో ఉంగరంలో పొదిగించుకున్నది ఒక్కటీ లేదు. అమ్ముకున్నది కూడా లేదు. చూసుకోవడానికీ, చూపించడానికీ మాత్రమే.

తన పేరు పత్రికలో రాకూడదన్నది మాస్టారి షరతు. "ఇంట్లో రంగురాళ్లున్నాయంటే లక్షలున్నాయనుకుంటారు. మొత్తం కలిపి తూచినా ఒక పాత స్కూటరు ఖరీదు చెయ్యవు. ఆ సంగతి మా వీధివాళ్లకు తెలుసు. దొంగలకు తెలియదు కదా" అని ఆయన నవ్వుతారు.

పన్నెండు రూపాయల ఊదారాయి

మాస్టారి వయసు డెబ్బై రెండేళ్లు. గొలుగొండ, నాతవరం, నర్సీపట్నం ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో ముప్పై నాలుగేళ్లు సామాన్యశాస్త్రం బోధించి 2011లో పదవీ విరమణ చేశారు. ఈ వ్యాపకం మొదలైంది మాత్రం ఇక్కడ కాదు, రాజస్థాన్‌లోని జైపూర్‌లో.

1981 వేసవి సెలవుల్లో తోటి ఉపాధ్యాయులతో కలిసి ఉత్తరాది యాత్రకు వెళ్లారు. మిగతావాళ్లు హవామహల్ చూడడానికి పోతే, ఆయన జోహరీ బజారు పక్క సందులో ఓ ముసలాయన ముందు నిలబడిపోయారు. రాయిని లక్కతో చిన్న కర్ర చివర అంటించి, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో కమాను లాగుతూ సాన బిళ్లను తిప్పుతున్నాడా ముసలాయన. కొలబద్ద లేదు, కోణమాని లేదు. రాయిని బిళ్లకు ఆనించడం, ఎత్తి వెలుగులో చూడడం, మళ్లీ ఆనించడం. గంట గడిచేసరికి గులకరాయిలాంటి ముక్క దీపంలా వెలగడం మొదలుపెట్టింది.

"నేను బడిలో కాంతి పరావర్తనం, వక్రీభవనం అని నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పేవాణ్ణి. ఆ పాఠం మొత్తం ఆ ముసలాయన వేళ్ల మధ్య కనిపించింది" అని మాస్టారు గుర్తుచేసుకున్నారు. ఆ రాయినే పన్నెండు రూపాయలకు కొన్నారు. మూడు క్యారెట్ల అమెతిస్టు. వంకాయ రంగు స్ఫటికమన్నమాట. ఇంటికొచ్చాక ఇల్లాలు ఊరుకోలేదు. ఆ డబ్బుతో నాలుగు కిలోల బియ్యం వచ్చేవి కదా అని నిలదీశారు. "ఇప్పటికీ నెలకోసారైనా ఆ బియ్యం లెక్క అడుగుతూనే ఉంటుంది" అన్నారాయన. లోపలి గదిలోంచి ఆమె నవ్వు వినిపించింది.

ఆ ఊదారాయి నేటికీ ఒకటో నంబరు గొట్టంలో ఉంది. దాన్ని మాత్రం ఎండలో ఎక్కువసేపు ఉంచనివ్వరు. అమెతిస్టు రంగు ఎండకు క్రమంగా వెలిసిపోయే గుణం కలది.

వెలుగు కారిపోకుండా...

రాయికి పలకలు తీర్చడమంటే నునుపు చేయడమే అనుకుంటారు చాలామంది. అసలు పని అది కాదంటారు మాస్టారు. పైనుంచి దిగిన వెలుగు అడుగు పలకలకు తగిలి, అద్దం మీద పడ్డట్టు వెనక్కి మళ్లి, తిరిగి పైనుంచే బయటికి రావాలి. అడుగు పలకల వాలు సరిగా కుదిరితేనే అలా జరుగుతుంది. స్ఫటిక జాతి రాయికి ఆ వాలు సుమారు 41 డిగ్రీలకు తగ్గకూడదు. అంతకంటే చదునుగా కోస్తే, చిల్లికుండలోంచి నీళ్లు పోయినట్టు వెలుగు అడుగునుంచి కారిపోతుంది. అలాంటి రాయి నడుమ గాజు పెంకులా వెలవెలపోతుంది.

ఇది తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రాయిని బోర్లించకుండా పత్రిక మీద పెట్టి పైనుంచి చూడాలి. నడుమ అక్షరాలు చదవగలిగితే కోత సరిగా లేదన్నమాట. అరుగు మీద కూర్చున్న పిల్లలకు ఈ పరీక్ష కొట్టిన పిండి. కొత్త రాయి రాగానే పత్రిక కోసం పరుగెడతారు.

గుండ్రని వజ్రానికి 57 పలకలు తీరుస్తారు. అడుగు మొనను కూడా చదును చేస్తే 58. ఏ కోణాల్లో కోస్తే మెరుపు ఎక్కువ వస్తుందో లెక్కగట్టి 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ పుస్తకం రాశాడు. అంతకుముందు కోతగాళ్లు కంటిచూపును నమ్ముకునే పనిచేసేవారు.

కోతలో బరువు పోవడం తప్పదు. అందుకు మాస్టారు చెప్పే ఉదాహరణ తెలుగువారందరూ ఎరిగిన కోహినూరు. అది బ్రిటిష్‌వారి చేతిలో పడినప్పుడు 186 క్యారెట్లు. లండన్ జనానికి దాని మెరుపు ఆనలేదు. 1852లో మళ్లీ సాన పట్టించారు. మిగిలింది 105.6 క్యారెట్లు. దాదాపు నూటికి నలభై మూడు వంతులు పొడి అయిపోయింది. "బరువు కావాలా, వెలుగు కావాలా అని కోతగాడు ప్రతి రాయి దగ్గరా తేల్చుకోవాల్సిందే" అన్నారాయన.

క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. గ్రాముకు అయిదు క్యారెట్లు. మాస్టారి దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది తొమ్మిది క్యారెట్ల పసుపు సిట్రిన్. అన్నిటికంటే చిన్నది ఆవగింజంత వజ్రం. అది పెద్దబ్బాయికి ఉద్యోగం వచ్చినప్పుడు కొన్న రాయి.

ఒక్కో రాయిదీ ఒక్కో గుణం

పెట్టెలో రాళ్లు ఖరీదును బట్టి కాక గుణాన్ని బట్టి వరసలో ఉన్నాయి. ఎనిమిదో గొట్టంలో పెరిడాట్. లేతాకుపచ్చ రంగు. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం కంటికి ఆనించి పైనుంచి చూస్తే అడుగు పలకల అంచులు రెండేసిగా కనిపిస్తాయి. ఆ రాయిలోకి దిగిన వెలుగు రెండుగా చీలడమే అందుకు కారణం. పక్కనే జిర్కాన్. దానికీ అదే గుణం, ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పద్నాలుగో గొట్టంలో అయొలైట్. ఒకవైపునుంచి చూస్తే ఊదా కలిసిన నీలం, పక్కకు తిప్పితే వెలిసిన గడ్డి రంగు. కోతగాడు దిశ తప్పి కోశాడంటే నీలం అడుగున దాక్కుని పైకి గడ్డి రంగే కనిపిస్తుంది. ఇరవయ్యో గొట్టంలో ఎర్ర స్పైనెల్. బ్రిటిష్ కిరీటంలో 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అని శతాబ్దాల పాటు కెంపుగా చెలామణీ అయిన రాయి నిజానికి స్పైనెల్ అని మాస్టారు చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. రాజులే పోల్చుకోలేకపోయారని వాళ్లకు సంబరం.

విశేషమేమిటంటే, ఆయన పెట్టెలో 'దొంగ'రాళ్లకూ ఒక వరస ఉంది. కొలిమిలో తయారైన కెంపు ఒకటి. ఫ్రాన్స్ దేశస్థుడు వెర్నొయి ఆ పద్ధతిని 1902లో వెల్లడించాడు. మంటలో కరిగించిన పొడి చుక్కలుగా పేరుకుని రాయి అవుతుంది. కనుక దానిలోపల గ్రామఫోను రికార్డు మీది గీతల్లాంటి వంపు గీతలుంటాయి, కొన్నిటిలో గాలి బుడగలుంటాయి. భూమిలో పుట్టిన కెంపులో పెరుగుదల గీతలు తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి. దాని పక్కనే తిరుచిరాపల్లి నుంచి తెప్పించిన అమెరికన్ డైమండ్. ఆ ఊళ్లో ఇంటింటా కృత్రిమ రాళ్లకు సాన పట్టే పని ఒకప్పుడు వేలమందికి కూడు పెట్టింది. యంత్రాల మీద కోసిన రాళ్లు దిగుమతి కావడంతో ఆ చేతులకు పని తగ్గింది.

"మోసం రాయిలో ఉండదు, చెప్పే మాటలో ఉంటుంది. కొలిమి కెంపును కొలిమి కెంపనే అమ్మితే అది నిజాయితీ అయిన రాయే" అంటారు మాస్టారు.

"మా ఇంటిదానికి చెప్పకండి"

మాస్టారికి రాళ్లు తెలుసన్న సంగతి మెల్లగా చుట్టుపక్కల పాకింది. జాతకం చూపించుకుని, గ్రహశాంతికని ఉంగరం కొనుక్కున్నవాళ్లు అది అసలుదో నకిలీదో చెప్పమని వస్తుంటారు. గ్రహాల గురించి ఆయన ఎవరితోనూ వాదన పెట్టుకోరు. నమ్మకం మీది, రాయి ఏదో చెప్పడం వరకే నా పని అంటారు.

కొన్నేళ్ల కిందట చోడవరం వైపునుంచి ఓ చెరకు రైతు వచ్చాడు. పద్దెనిమిది వేలు పోసి కొన్న కనక పుష్యరాగం ఉంగరం చూపించాడు. పంటకు పంట దెబ్బతిని, కూతురి సంబంధం వెనక్కి పోయి, ఎవరో చెబితే కొన్నాడట. కనక పుష్యరాగమని బజారులో పిలిచేది పసుపు నీలాన్ని. మాస్టారు ఆ రాయిని ఉంగరంలోంచి తీయించి తూకం వేశారు.

ఆ తూకం ఎవరైనా చేసుకోగలిగిందే. రాయిని మొదట గాలిలో, తర్వాత దారంతో నీళ్లలో వేలాడదీసి తూచాలి. ఎనిమిది క్యారెట్ల రాయి నీళ్లలో రెండు క్యారెట్లు తగ్గిందనుకోండి. ఎనిమిదిని రెండుతో భాగిస్తే నాలుగు. అది నీలం, కెంపు జాతుల సాంద్రత. అదే మూడు క్యారెట్లు తగ్గితే 2.65 దగ్గరికి వస్తుంది. అది స్ఫటికం. ఆర్కిమెడిస్ సూత్రమని తొమ్మిదో తరగతిలో చదివి మరిచిపోయేది ఇదే.

రైతు రాయి 2.65 చూపించింది. అది సిట్రిన్. పెట్టెలోని తొమ్మిది క్యారెట్ల రాయికి తోబుట్టువు. వందల్లో దొరికేది. బజారులో ఉన్న సిట్రిన్‌లో చాలాభాగం అమెతిస్టును వేడి చేసి రంగు మార్చినదే. సంగతి విన్న రైతు చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్లబోతూ, "మా ఇంటిదానికి మాత్రం చెప్పకండి మాస్టారూ, గాజులు కుదువ పెట్టి తెచ్చిన డబ్బండి" అన్నాడు. కొన్నచోట బిల్లు ఇవ్వలేదు. బిల్లు లేకపోవడంతో తిరిగి అడగడానికి దారి లేకపోయింది.

అప్పటినుంచి మాస్టారు వచ్చినవారందరికీ రెండు మాటలు చెప్పి పంపుతారు. వేలు పోసే రాయి అయితే రాయి పేరు స్పష్టంగా రాసిన బిల్లు తీసుకోవాలి. పరీక్షా కేంద్రం ధ్రువపత్రం అడగాలి. జైపూర్‌లో 1972 నుంచి రాళ్ల పరీక్షా కేంద్రం ఉంది. కెంపుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పగుళ్లను సీసం కలిసిన గాజుతో పూడ్చి, శుభ్రమైన రాయిలా కనిపించేలా చేసిన కెంపులు 2000 దశకం నుంచి బజారులో విరివిగా ఉన్నాయి. వాటికి నిమ్మరసం తగిలినా, కంసాలి ఊదే మంట సోకినా లోపలి గాజు దెబ్బతిని రాయి బండారం బయటపడుతుంది.

కొన్నది ఇరవై ఆరు వేలు, అడిగింది నాలుగు వేలు

రాళ్లు కొనిపెట్టుకుంటే బంగారంలా అక్కరకొస్తాయా అని అడిగేవాళ్లకు మాస్టారు తన కథే చెబుతారు. కూతురి పెళ్లినాడు చేతిలో డబ్బాడక, ఒక రోజు గుండె రాయి చేసుకుని అరవై రాళ్లు సంచిలో వేసుకుని విశాఖపట్నం వెళ్లారు. ఖాతా పుస్తకం ప్రకారం వాటికి పెట్టినది ఇరవై ఆరు వేల రూపాయలు. వ్యాపారి భూతద్దం పెట్టి చూసి, "అన్నీ మంచివే గురువుగారూ, కానీ కొనేవాళ్లెవరు? నాలుగు వేలిస్తాను" అన్నాడు.

"అతను మోసం చేయలేదు. బంగారానికి ప్రతి ఊళ్లోనూ ధర ఉంది, చిన్న రంగురాయికి లేదు. చిల్లరగా కొనేటప్పుడు ఒక ధర, తిరిగి అమ్మబోతే ఇంకో ధర" అన్నారాయన. రాళ్లు సంచిలోనే తిరిగొచ్చాయి. పెళ్లికి భవిష్యనిధి నుంచి అప్పు తీసుకున్నారు. లాభం కోసం రాళ్లు కొనవద్దని, పోయినా బాధ లేనంత డబ్బుతోనే ఈ సరదా సాగించాలని ఆ రోజునుంచి ఆయన ఖండితంగా చెబుతున్నారు.

'పుట్టిల్లు' గడి

రాళ్లకంటే మాస్టారు భద్రంగా చూసుకునేది ఒక పొడుగాటి ఖాతా పుస్తకం. నంబరు, పేరు, బరువు, కొన్న తేదీ, ధర, చివర ఒక గడి. ఆ గడికి ఆయన పెట్టిన పేరు 'పుట్టిల్లు'. రాయి ఏ నేలలో పుట్టిందో అక్కడ రాస్తారు. అమ్మినవాళ్లు చెప్పలేకపోతే ఖాళీగా వదిలేస్తారు.

ముప్పై ఒకటో నంబరు ముదురెరుపు గార్నెట్. పుట్టిల్లు: గరీబ్‌పేట. అది తెలంగాణలో కొత్తగూడెం సమీపంలోని ఊరు. అక్కడి కొండ గార్నెట్లకు పేరు పడింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో బయటపడ్డ పాతకాలపు గార్నెట్ పూసలకూ, గరీబ్‌పేట గార్నెట్లకూ పోలిక ఉందని 2017లో శాస్త్రజ్ఞులు పరిశోధన పత్రం ప్రచురించారు. అరికమేడు రెండువేల ఏళ్ల కిందట రోము దేశంతో వ్యాపారం చేసిన రేవు. ఆ సంగతి పాత శిష్యుడొకరు చెప్పిన రోజున, మాస్టారు ఆ గొట్టం చేత్తో పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నారని ఇల్లాలు చెప్పారు.

"రాయి కొన్న డబ్బు మరిచిపోతాం. ఎక్కడ పుట్టిందో తెలిస్తే మాత్రం మరిచిపోం" అంటారాయన. కృష్ణ ఒడ్డున వజ్రాలకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేసేవారని పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ చోటు నేడు పులిచింతల జలాశయం నీళ్లలో మునిగి ఉంది. అక్కడ తవ్విన చేతుల్లో ఒక్కరి పేరైనా లోకానికి తెలియదన్నది మాస్టారు తరచూ అనే మాట. ఆ మాట ఆయన ఊరికే అనరు.

ఒక్కటే సాన పట్టని రాయి

143 రాళ్లలో సాన పట్టనిది ఒకే ఒక్కటి. డెబ్బై ఒకటో నంబరు. కందిగింజ కంటే కాస్త పెద్దది, మట్టి రంగు కలిసిన ఆకుపచ్చ ముక్క. పుట్టిల్లు గడిలో 'కరక' అని ఉంది.

గొలుగొండ మండలంలోని కరక కొండ పేరు ఈ ప్రాంతంలో ఎరుగనివారుండరు. ఇటు గొలుగొండ నుంచి అటు గూడెంకొత్తవీధి దాకా తూర్పు కనుమల కొండల్లో వైడూర్యం, అలెగ్జాండ్రైట్ దొరుకుతాయి. రెండూ క్రైసోబెరిల్ అనే ఒకే జాతి రాళ్లు. అలెగ్జాండ్రైట్ పగటి వెలుగులో ఆకుపచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. 1830 దశకంలో రష్యాలోని ఉరల్ కొండల్లో బయటపడి, అక్కడి యువరాజు పేరు పెట్టుకుంది. అది అరుదైన రాయి కావడంతో దానికోసం అడవిలో దొంగచాటు తవ్వకాలు ఏళ్ల తరబడి సాగాయి. అధికారులు గోతులు పూడ్పించడం, రాత్రిపూట మళ్లీ తవ్వడం మామూలైపోయింది. దన్నుకర్ర కూడా లేకుండా కొండలోకి తొలిచిన బొరియలు కూలి కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఈ ప్రాంతం చూసింది.

మాస్టారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే ఒక వేసవిలో, పదో తరగతి మధ్యలో మానేసిన శిష్యుడొకడు ఈ ముక్క తెచ్చాడు. "మాస్టారండీ, ఇది ఏటో సూసి చెప్పండి" అన్నాడు. ఆయన దాన్ని ఎండలో చూశారు. తర్వాత గదిలోకి తీసుకెళ్లి బల్బు కింద పెట్టారు. ఆకుపచ్చ రాయి ఎర్రబారింది. పుస్తకాల్లో చదివిన వింత మొదటిసారి కళ్లబడేసరికి ఆయన కేక పెట్టినంత పని చేశారు. పేరు చెప్పారు. రష్యా కథ చెప్పారు. గుంటడి భుజం తట్టారు. రాయి లోపల బీటలున్నాయని, సాన పడితే చిట్లిపోతుందని, డబ్బు చేయదని కూడా చెప్పారు. "అయితే ఇది మీ కాడే ఉంచండి. ఈసారి మంచిది తెస్తాను" అని వాడు నవ్వుతూ వెళ్లిపోయాడు.

వానలు పడ్డాక మట్టి నాని రాళ్లు తేలికగా చిక్కుతాయని కూలీల నమ్మకం. బొరియ కూలేదీ ఆ నానిన మట్టిలోనే. ఆ శ్రావణంలో గొయ్యి కూలి ఇద్దరు లోపల ఉండిపోయారన్న కబురు వచ్చింది. ఒకడు ఆ శిష్యుడే.

పెద్దకర్మ అయ్యాక మాస్టారు రాయి తీసుకుని వాళ్లింటికి వెళ్లారు. తల్లి దాన్ని ముట్టుకోలేదు. "ఆ రాయి నా గుమ్మం తొక్కడానికి ఈల్లేదు బాబూ. నా గుంటడ్ని మింగేసింది" అంది. ఆయన దాన్ని వెనక్కి తెచ్చి గొట్టంలో పెట్టారు.

"పేరు చెప్పి మురిసిపోయాను గానీ, ఆ గోతిలోకి వెళ్లొద్దని ఒక్క మాట అనలేదు. పదో తరగతి పరీక్ష రాయమని అనలేదు. వాడు అడిగింది రాయి సంగతే. కానీ మాస్టారన్నవాడు అడిగినదానికే జవాబు చెబుతాడా?" అని ఆయన కాసేపు ఆగిపోయారు.

నాటినుంచి ఈ కొండల్లో దొరికిన రాయి ఒక్కటీ ఆయన కొనలేదు. తవ్వి తెచ్చినవాళ్లూ, దళారులూ చీకటిపడ్డాక తలుపు తట్టిన సందర్భాలున్నాయి. రాయి పేరు చెప్పమన్నా చెప్పరు. పుట్టిల్లు గడి ఖాళీగా ఉండే రాయినీ కొనడం మానేశారు. ఆ గడి ఖాళీగా ఉన్న పాతరాళ్లు పెట్టెలో ఇంకా ముప్పై ఏడు ఉన్నాయి. వాటి వెనక ఏ గొయ్యి ఉందో తెలియదు కదా అంటారు.

మరి దూరదేశపు రాయి కోసం తవ్వినవాడూ కూలీయే కదా అని ఓ ఇంటర్ విద్యార్థి ఈ మధ్య ఆయన్ను నిలదీశాడు. మాస్టారు కోపగించుకోలేదు. "నిజమే నాయనా. అన్నిటికీ నేను పూచీ పడలేను. నా కళ్లముందున్నదానికి పడతాను" అన్నారు. మూడేళ్లుగా ఆయన కొన్నది రెండే రాళ్లు. రెండూ పాత ఉంగరాల్లోంచి ఊడదీసినవి.

మొదలుపెట్టాలనుకునేవారికి...

ఈ సరదా ఉన్న పిల్లలకు మాస్టారు వద్దని చెప్పరు. ముందుగా పది రెట్ల భూతద్దం ఒకటి సంపాదించమంటారు. తర్వాత అమెతిస్టు, గార్నెట్, సిట్రిన్, పెరిడాట్ వంటి చవక రాళ్లు ఒక్కొక్కటి చాలు. ఒక రాయిని నెల రోజులు చూశాకే రెండోది కొనాలి. గట్టి రాయి మెత్తని రాయిని గీరుతుంది కనుక రెండిటినీ ఒకే పొట్లంలో ఉంచకూడదు. కాఠిన్యంలో స్ఫటికం 7, టోపాజ్ 8, కెంపు, నీలం 9, వజ్రం 10. ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువు కూడా స్ఫటికమే కాబట్టి పొడిగుడ్డతో గట్టిగా తుడవకూడదు. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని కుంచె చాలు. అన్నిటికంటే ముందు ఒక పుస్తకం కుట్టుకుని, చివర పుట్టిల్లు గడి గీసుకోమంటారు.

మాస్టారి ముందుగదిలో ఒక పాతకాలపు తీగ బల్బు ఇప్పటికీ వేలాడుతోంది. ఇల్లంతా ఎల్ఈడీ దీపాలు పెట్టించినా దాన్ని మాత్రం తీయనివ్వలేదు. ఆ కొత్త దీపాల కింద డెబ్బై ఒకటో నంబరు రాయి రంగు సరిగా మారదు. చీకటి పడ్డాక పిల్లలు అడిగితే ఆయన ఆ బల్బు వేసి, రాయిని పట్టకారుతో పట్టుకుని చూపిస్తారు. ఆకుపచ్చ మెల్లగా ఎర్రబారుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అప్పుడు మాస్టారు దాని పేరు చెబుతారు, రష్యా కథ చెబుతారు, తర్వాత ఆ శిష్యుడి కథ కూడా చెబుతారు. ఆ కథ పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ అరుగు దిగనివ్వరు.